తెరమీది నవలల్లో మనుషులు

సావనీరుకు ఏదైనా వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు "విజువల్ నావెల్స్ మీద వ్రాస్తాను" అన్నాను. "అంటే బొమ్మల పుస్తకాలా?" అన్నారొకరు. "కాదండీ, కంప్యూటర్లో ఆడే కథలు. పెద్దలకు మాత్రమే అని చీటీ అంటించినవి కూడా వాటిలో ఉంటాయి" అన్నాను. ఒక్క క్షణం గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. చివరికి మా తెలుగు లెక్చరరుగారే "వ్రాయనివ్వండయ్యా, కన్యాశుల్కం మనం క్లాసులో చెప్పడంలేదూ?" అని నన్ను ఒడ్డున పడేశారు. ఆయన మాట నిలబెట్టే పూచీ ఇప్పుడు నాది.

తెలియనివారి కోసం ముందు సంగతేమిటో చెబుతాను. తెరమీద వెనకగా కదలని చిత్రం ఒకటి ఉంటుంది. అది గదో, వీధో, రైల్వే స్టేషనో కావచ్చు. దాని ముందు మాట్లాడే మనిషి బొమ్మ. కింద ఒక పెట్టెలో రెండు మూడు వాక్యాలు. మీట నొక్కితే తర్వాతి వాక్యం వస్తుంది. నేపథ్యంలో సంగీతం, ఒక్కోసారి మనిషి గొంతు. అక్కడక్కడ కథ ఆగి "ఇప్పుడేం చేస్తావు?" అని మనల్ని అడుగుతుంది. మనం చెప్పినదాన్నిబట్టి కథ ఒక దారి పడుతుంది. పరుగులు లేవు, తుపాకులు లేవు. చదవడమే ఆట.

దీని పుట్టిల్లు జపాను. 1992లో చున్‌సాఫ్ట్ అనే సంస్థ 'ఒతొగిరిసో' అనే భయంగొలిపే కథను ఇలా తెచ్చి దానికి సౌండ్ నావెల్ అని పేరు పెట్టింది. 1996లో లీఫ్ అనే మరో సంస్థ 'షిజుకు'తో మొదలుపెట్టి తన వరసకు విజువల్ నావెల్ అని పేరు పెట్టుకుంది. అదే పేరు నిలిచిపోయింది. పెద్దలకు మాత్రమే అన్న చీటీ కూడా ఆ రోజులదే. 1992లో అక్కడి సాఫ్ట్‌వేరు కంపెనీలు తమలో తాము ఒక నియమసంస్థను పెట్టుకుని పద్ధెనిమిదేళ్ళ లోపువారికి అమ్మకూడని వాటిని వేరుచేయడం మొదలుపెట్టాయి. అలా వేరు చేసినవాటిలో చవకబారు సరుకే ఎక్కువ, దాచడమెందుకు. అయితే బొమ్మ గీయించడానికి ఖర్చు ఎక్కువ, మాటకు తక్కువ. అందుచేత వ్రాసేవాడికి చోటు దొరికింది. 2004లో 'ఫేట్/స్టే నైట్' వ్రాసిన కినొకో నాసు, ఇలాంటి ఆటలు వ్రాస్తూ పెరిగి 2011లో టీవీకి 'మదోకా మాజికా' వ్రాసిన గెన్ ఉరొబుచి ఆ చోటునుంచి వచ్చినవారే. 'ఫేట్/స్టే నైట్'ను 2007లో ప్లేస్టేషన్ 2 కోసం మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ చీటీ తెచ్చిన ఘట్టాలను తీసేశారు. కథకు చిల్లు పడలేదు. అంటే అవి కథకు మూలస్తంభాలు కావన్నమాట.

ఇదంతా నేను తీరుబాటుగా చదివి తెలుసుకున్నది కాదు. మొట్టికాయ తిని తెలుసుకున్నాను.

క్రిందటేడు హాస్టల్లో మేం నలుగురం కలిసి ఇలాంటిదొకటి తయారుచేయబోయాం. దానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. టామ్ రొథమెల్ అనే అమెరికా ఆయన 2004లో విడుదల చేసిన రెన్‌పై అనే ఉచిత సాధనం ఉంది. మాటలు వరసగా వ్రాసుకుంటూ పోతే సగం పని అదే చేసిపెడుతుంది. మా నాయిక పేరు సుమిత్ర. ముప్ఫయ్యొక్క ఏళ్ళు, విడాకులు తీసుకుంది, ఒక ఆఫీసులో గుమాస్తా. నాయకుడు అదే ఇంట్లో మేడమీద అద్దెకుంటాడు. ఏమాటకామాటే, "పెద్దల కథ వ్రాస్తున్నాం" అని మాకు కొంచెం గర్వంగానే ఉండేది.

లెక్క ఇలా వేశాం. నాయకుడు కాఫీ తెచ్చిస్తే అయిదు మార్కులు. ఆమె చీర బాగుందంటే మూడు. మాజీ భర్త ప్రస్తావన తెస్తే రెండు కోత. అరవై దాటితే ఆమె తలుపు తెరుచుకుంటుంది. యూనివర్సిటీలో ఫస్టుక్లాసుకు కూడా అరవయ్యే గనక మాకు ఆ అంకె సహజంగా తోచింది. పైకి కనబడకుండా ఇలా మార్కులు కూడబెట్టడం ఈ తరహా ప్రేమకథల ఆటల్లో పాత అలవాటే, మేం కనిపెట్టింది కాదు.

మా క్లాసమ్మాయి ఒకామెను చదివిపెట్టమని అడిగాం. గంటన్నర ఓపిగ్గా మీట నొక్కుతూ కూర్చుంది. చివరికి లాప్‌టాప్ మూసి "మీ నాయకుడు ఊళ్ళో లేనిరోజు ఈవిడ ఏంచేస్తుంది?" అని అడిగింది. నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. "తలుపెనకాల నిలబడి మార్కులు లెక్కపెట్టుకుంటుందేమో" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మెస్సులో నాకు అన్నం సయించలేదు.

ఆమె ప్రశ్న పట్టుకునే ఆ తర్వాత మంచివని పేరున్నవాటిని మళ్ళీ చదివాను. మనం చూడని వేళల్లో కూడా ఆ పాత్ర ఎక్కడో బతికి ఉందా? జపాను 'క్లన్నాడ్' సంగతి తీసుకోండి. కీ అనే సంస్థ అంతకుముందు తెచ్చిన 'కనోన్' (1999), 'ఎయిర్' (2000) మొదట పెద్దల చీటీతోనే వచ్చాయి. జున్ మయెద, మరికొందరు వ్రాసిన 'క్లన్నాడ్' 2004లో ఆ చీటీ లేకుండానే వచ్చింది. చిత్రమేమిటంటే, నేను చదివినవాటిలో అన్నిటికంటే పెద్దల కథ అదే. బడి రోజులు అయిపోయాక కథ ముందుకు సాగుతుంది. తొమొయా కరెంటు పనిలో చేరతాడు, పెళ్ళాడతాడు. భార్య నగిసా కాన్పులో చనిపోతుంది. అతను కూతురి మొహం చూడలేక అత్తమామల దగ్గర వదిలేసి అయిదేళ్ళు పనిలో, తాగుడులో గడిపేస్తాడు. అత్తగారు ఉపాయం పన్ని ఆ తండ్రీకూతుళ్ళిద్దర్నే ప్రయాణానికి పంపిస్తుంది.

ఆ ప్రయాణంలో ఆ పిల్ల ఉషియో పూలతోటలో బొమ్మ రోబో ఒకటి పోగొట్టుకుంటుంది. వేరేది కొంటానంటాడు తండ్రి. అక్కర్లేదంటుంది, వెతుకుతూనే ఉంటుంది. ఎందుకంటే నాన్న మొదటిసారి కొనిచ్చింది అదే. అయిదేళ్ళుగా ఆ పిల్ల ఎలా ఉందో మనకెవరూ చూపించలేదు, అయినా ఆ వెతుకులాటలో అంతా కనబడుతుంది. తాను తిరస్కరించిన తన తండ్రి ఒంటరిగా తనను ఎలా పెంచాడో తొమొయాకు నాయనమ్మ నోట తెలిసేది కూడా ఆ ప్రయాణంలోనే. ఇక్కడ ఏ మార్కులు కూడబెట్టి ఏం సంపాదిస్తాం?

రెండోది జపానుది కాదు, వెనెజులా వారిది. సుకెబాన్ గేమ్స్ అనే చిన్న బృందం 2014లో నమూనాగా మొదలుపెట్టి 2016లో విడుదల చేసింది. పేరు అక్షరాలు, అంకెలు కలిపి చిత్రంగా వ్రాస్తారు గాని పలకడం 'వల్హల్లా' అనే. భవిష్యత్తులో ఒక చెడిపోయిన నగరం, అందులో చిన్న బారు. ఇరవయ్యేడేళ్ళ జిల్ అక్కడ గ్లాసులు నింపే ఉద్యోగిని. వచ్చేవాళ్ళు ప్రేమలు, పడకలు, అప్పులు, ఒళ్ళమ్ముకునే వృత్తి, అన్నీ దాపరికం లేకుండా మాట్లాడతారు. అలాగని వెకిలిగా అనిపించదు. కారణం నాకు తోచినంతవరకు ఇది: మనం వాళ్ళకు ఏం సమాధానం చెప్పాలో ఎంచుకోం. ఏం కలిపి ఇవ్వాలో, ఎంత ఘాటుగా ఇవ్వాలో అంతే ఎంచుకుంటాం. వాళ్ళు ఎక్కడినుంచో అలిసి వస్తారు, తాగుతారు, ఇంకెక్కడికో పోతారు. వాళ్ళ జీవితం బారు తలుపు బయట ఉంది.

జిల్‌కూ అంతే. ఇంటికెళ్ళాక ఆమెకో వస్తువు మీద మనసు పోతుంది. మనం డబ్బు మిగిల్చి అది కొనకపోతే మర్నాడు పనిలో ఆమె పరధ్యానంగా ఉంటుంది, ఎవరు ఏం అడిగారో తెరమీద గుర్తుచేయదు. అటు అద్దె కట్టే గడువు దగ్గరపడుతుంటుంది. నాయిక మనసు మార్కుల పట్టీలో లేదు, మన చేతుల మీద బరువుగా కూర్చుంది! కొన్నేళ్ళ క్రిందట తగువాడి వదిలి వచ్చిన ప్రియురాలు లెనోర్ చనిపోయిందని ఆమె చెల్లెలు గాబీ వల్ల జిల్‌కు తెలుస్తుంది. ఆ తగువును వెనక్కి తీసుకోవడానికి మనకు ఏ మీటా ఇవ్వలేదు వ్రాసినవాళ్ళు. నాకు అది వాళ్ళ ధైర్యం అనిపించింది.

లెక్చరరుగారి మాట దగ్గరికి వస్తాను. గురజాడవారు 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన నాటకంలో మధురవాణి వేశ్య. ఆమె ఇంటికి వచ్చే ప్రతివాడూ తనవల్లే ఆమె ఇల్లు గడుస్తోందనుకుంటాడు. ఆమె మాత్రం తన లెక్క తాను చూసుకుంటుంది, ఒకణ్ణి చూసి నవ్వుకుంటుంది, ఒకణ్ణి మంచం కిందికి పంపుతుంది, సౌజన్యారావు ఎదుట మరోలా ఉంటుంది. గిరీశం రంగం మీద లేనంత మాత్రాన ఆమె ఆగిపోదు. మా సుమిత్రకు అదే లేకపోయింది. పైగా కాఫీలు లెక్కపెట్టి తలుపు తీయించడం అంటే, ఒక మనిషి ఒప్పుకోలును మేం బేరం చేశామన్నమాట. ఈ సంగతి ఇంకొకరు చెబితేగాని తట్టలేదు.

మార్కుల పట్టీ తీసేశాం. కొత్తగా ఒక ఆదివారం వ్రాశాం. అందులో మేడమీద అబ్బాయి బొమ్మే ఉండదు. సుమిత్ర తలంటుకుని, చెల్లెలి ఫీజు కోసం బ్యాంకు పాసుపుస్తకం రెండుసార్లు తిరగేసి, మిగిలిన పెరుగుతో మజ్జిగపులుసు పెడుతుంది. ఫోను మోగుతుంది. తెరమీద అతని పేరు. చూసి, బోర్లించి పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళుతుంది. ఎందుకు తీయలేదన్నది ఎక్కడా వ్రాయలేదు. నలుగురిలో ఇద్దరు ఆమెకు కోపం వచ్చిందంటారు, మిగిలిన ఇద్దరం పులుసు పొంగుతోందంటాం. పరీక్షలు దగ్గరపడ్డా ఆ తగువు మాత్రం తెమలడం లేదు.