మీట నొక్కిన చేయి

దీపములు పెట్టు వేళ మనము గోడనున్న మీట నొక్కుదుము, గది వెలుగును. మరియొక మీట త్రిప్పుదుము; రేడియో పలుకును. ఈ రెండు పనులకును పట్టు కాలము రెప్పపాటు మాత్రమే. కాని ఆ రెప్పపాటు వెనుక ఎందరి చేతులున్నవి! భూగర్భమున బొగ్గు త్రవ్విన చేయి, బాయిలరు నొద్ద రాత్రియంతయు కనిపెట్టి యున్న చేయి, ఆనకట్టకు మట్టి మోసిన చేయి, స్తంభ మెక్కి తీగ బిగించిన చేయి. ప్రసార కేంద్రమునందు మే మెంత శ్రద్ధతో మాటలు కూర్చుకొన్నను, విద్యుత్తు లేనినాడు మా పలుకు స్టూడియో గోడలు దాటదు. కావున ఈ కార్మికులను గూర్చి ముచ్చటించుట మాకు ఋణము తీర్చుకొనుట వంటిది.

కుమ్మరి చేసిన కుండ కంటి కగపడును. సాలెవాడు నేసిన చీరను చూచి అతని నేర్పును మెచ్చుకొందుము. విద్యుత్ కార్మికుని పని అటువంటిది కాదు. అది చక్కగా సాగినన్నాళ్లు ఎవరికిని కానరాదు; చెడిననాడే కానవచ్చును. దీప మారినప్పుడు గదా మనకు లైన్‌మన్ జ్ఞప్తికి వచ్చుట! అదియు కృతజ్ఞతతో గాదు, కోపముతో. ఇట్లు కంటికి కానరాని శ్రమను ప్రభుత్వము, సమాజము ఏ విధముగా గౌరవింపవలెను? ఒక దినము నిర్ణయించి సన్మానించిన చాలునా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకు ముందు, అట్టి దినము లెట్లు పుట్టినవో కొంచెము తెలిసికొందము.

1920 డిసెంబరు 22వ తేదీన మాస్కో నగరమందలి బొల్షోయ్ నాటకశాలలో సోవియట్ల మహాసభ ఆరంభమయ్యెను. అంతర్యుద్ధముతో రష్యా దేశము చితికియున్న కాలమది. ఆ సభలో ఇంజనీరు క్రిజిజనోవ్‌స్కీ దేశమంతటికిని విద్యుత్తు నందించు ప్రణాళికను వివరించెను. పది పదునైదేండ్లలో 30 విద్యుత్ కేంద్రములు నిర్మించి 17.5 లక్షల కిలోవాట్ల శక్తిని సమకూర్చుట దాని లక్ష్యము. వేదికపై పెద్ద పటము నొకదానిని నిలిపి, కేంద్రములు రాబోవు చోట్ల చిన్న దీపములు వెలిగించిరి. ఆ కొలది దీపములు వెలుగుటకు నగరమున తక్కిన చోట్ల వెలుగును తగ్గింపవలసి వచ్చెనని చెప్పుదురు. నాటి దారిద్ర్య మంతటిది. ఆ సభ జరిగిన తేదీనే విద్యుత్ కార్మికుల దినముగా పాటింపవలెనని సోవియట్ ప్రభుత్వము 1966 మే నెలలో శాసించెను. 1991లో సోవియట్ యూనియన్ అంతరించినను రష్యాలో ఆ దినోత్సవము నిలిచియే యున్నది. ఉత్తర దేశములలో సంవత్సరమున కెల్ల దీర్ఘమైన రాత్రులు వచ్చు రోజు లవి. వెలుగు విలువ తెలియుటకు అంతకంటె తగిన తరుణ మేమి గలదు?

మన దేశమున ఇట్టి గౌరవము వేరొక రూపమున, ఎవరును ఎదురు చూడని విధమున జరిగెను. 1959 డిసెంబరు 6వ తేదీన దామోదర నదిపై పాంచెట్ ఆనకట్టకును, అచ్చటి జలవిద్యుత్ కేంద్రమునకును ప్రారంభోత్సవము. ప్రధాని నెహ్రూ విచ్చేసిరి. అట్టి ఉత్సవములలో మీట నొక్కువారు సాధారణముగా మంత్రులు, అతిథులు. కాని నెహ్రూ ఆ పనిని తాము చేయక, ఆ నిర్మాణమున కూలిపని చేసిన బుధ్నీ అను సంతాల్ బాలికచే చేయించిరి. ఆమె వయస్సు అప్పటికి పదునైదు పదునారేండ్లు. ఆమె మీట నొక్కెను. కేంద్రము పనిచేయ నారంభించెను. శ్రమించిన చేతికే ప్రారంభించు హక్కు గలదని దేశాధినేత ఇంతకంటె స్పష్టముగా చాటుట సాధ్యము కాదు.

కథ అచ్చటితో ముగిసిన ఎంత బాగుండును! ఆ సభలోనే బుధ్నీ ప్రధానికి స్వాగతముగా పూలమాల సమర్పించెను. సంతాల్ ఆచారమున స్త్రీ పురుషునకు మాల వేయుట పెండ్లితో సమానము. పరజాతివానికి మాల వేసినదని కులపెద్దలు ఆమెను వెలివేసిరి. 1962లో ఆమె ఉద్యోగము గూడ పోయెను. చాల సంవత్సరములు ఆమె కూలి నాలి చేసికొని బ్రతికెను. 1980 దశకమున, రాజీవ్ గాంధీ ప్రధానిగా నున్న కాలమున, ఆమెకు తిరిగి ఉద్యోగము లభించెను. 2023 నవంబరులో ఆమె కన్నుమూసెను.

ఇందులో నెహ్రూ సదుద్దేశమును శంకింప బనిలేదు. ఆ గౌరవము నిజమైనదే. కాని అది ఒక్క దినపు గౌరవము. మరునాడు ఆమె ఎచ్చట నున్నదో, ఏమి తినుచున్నదో విచారించు ఏర్పాటేదియు దాని వెంట రాలేదు. వేదిక దిగిన పిమ్మట కార్మికుని వెంట నడిచి వచ్చునదే గౌరవము. వేదికపై నిలిచిపోవునది ఉత్సవము. పాంచెట్ మనకు నేర్పిన పాఠ మిదియే.

ఈ గీటురాయితో మన తెలుగునేల ఉదాహరణము నొకదానిని పరీక్షింతము. ఇల్లందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు కింగ్ కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ ఆ గనుల హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో రిజిస్టరయ్యెను. మాస్కోలో ఆ మహాసభ ఆరంభమైన మరునాడే యన్నమాట! నేటికిని డిసెంబరు 23 గోదావరీ తీరపు గనులలో సింగరేణి దినోత్సవము. ఆనాడు జెండా యెగురవేసి, ఉత్తమ కార్మికులను పేరు పేరున పిలిచి సత్కరింతురు.

సత్కారమునకు వెనుక మరియొకటి గలదు. సంస్థ ఆర్జించిన లాభములలో కార్మికులకు వాటా ఇచ్చు పద్ధతి 1999-2000 సంవత్సరము నుండి అచ్చట అమలులో నున్నది. కాని ఆ వాటా చిరకాలము స్థిర ఉద్యోగులకే పరిమితమై యుండెను. అదే గనిలో, అదే ధూళిలో పనిచేయు కాంట్రాక్టు కార్మికులకు 2024లో మొదటిసారిగా తలకొక 5,000 రూపాయలు ప్రకటించిరి. మొత్తము చిన్నదే కావచ్చును. అయినను, ఇంతకాలము లెక్కలోనికి రాని మనుష్యుడు లెక్కలోనికి వచ్చుట చిన్న సంగతి గాదు. గౌరవింపబడువారి జాబితాలో ఎవరి పేరు లేదో చూచినగాని ఆ గౌరవము విలువ తెలియదు.

గని కార్మికుని ఋణము డబ్బుతో తీరునది మాత్రమే గాదు. 2003 జూన్‌లో గోదావరిఖనిలోని ఒక గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది ప్రాణములు గోల్పోయిరి. పైకప్పు కూలుట, విషవాయువు, నీటి యూట, ఇవి గనిలో నిత్యశత్రువులు. వీటి నుండి కాపాడు ఏర్పాటులకు వెచ్చించు ప్రతి రూపాయియు సన్మాన పత్రము కంటె గొప్ప సన్మానము.

ఇక మనకు అందరికంటె సన్నిహితుడైన లైన్‌మన్ సంగతికి వత్తము. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఆధ్వర్యమున ఇటీవలి సంవత్సరములలో మార్చి 4వ తేదీన లైన్‌మన్ దినోత్సవము జరుపుచున్నారు. 1966లో జాతీయ భద్రతా మండలి స్థాపింపబడినదియు ఆ తేదీననే. అదియే జాతీయ భద్రతా దినము. గౌరవమును, భద్రతను ఒకే దినమున చేర్చుట మిక్కిలి యుచితము. ఏలన లైన్‌మన్ విషయమున ఆ రెండును వేరుగావు. అదెట్లో వివరించెదను.

మన వీథిలో తీగ తెగినదనుకొందము. లైన్‌మన్ వచ్చిన వెంటనే స్తంభ మెక్కరాదు. మొదట సబ్‌స్టేషనులోని ఆపరేటరుతో మాటలాడి, ఆ తీగలో ప్రవాహమును నిలుపు చేయింపవలెను. దీనినే 'లైన్ క్లియర్' తీసికొనుట యందురు. ఏ తీగకు, ఎన్ని గంటలకు, ఎవరు తీసికొనిరో పుస్తకమున వ్రాసికొందురు. తీసికొన్నవాడు తిరిగి ఇచ్చువరకు ఆ తీగలోనికి ఎవరును ప్రవాహమును విడువరాదు. పిదప అతడు పనిచేయు చోటికి దగ్గరనున్న స్విచ్చిని తెరచి, తీగ నిజముగా నిర్జీవమైనదో లేదో పరీక్షించి, ఇరుప్రక్కల తీగలను భూమితో కలుపును. పొరపాటున ప్రవాహము వచ్చినను అది అతని దేహము గుండ గాక భూమిలోనికి పోవుటకై ఈ జాగ్రత్త. చేతికి తొడుగులు, నడుమునకు పట్టీ, తలకు శిరస్త్రాణము ఉండవలెను. ఇవి యన్నియు ముగిసిన తరువాతనే స్తంభ మెక్కుట.

ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినను ప్రాణాపాయమే. మెట్లు తప్పుట కేవలము అతని అజాగ్రత్త వలననే జరుగదు. తొడుగులు చిరిగిపోయి యుండవచ్చును. ఇద్దరు చేయవలసిన పనికి ఒక్కడే వచ్చి యుండవచ్చును. మనము క్షణ క్షణమునకు ఫోను చేసి, 'ఇంకను రాలేదేమి' అని తొందర పెట్టుట గూడ ఒక కారణము. మరియొక అపాయము మన యిండ్ల నుండియే పుట్టును. సరియైన చేంజోవర్ స్విచ్చి లేకుండ ఇంటిలోని జనరేటరును నడిపిన యెడల, ఆ ప్రవాహము మన తీగల వెంట వెనుకకు పోయి ట్రాన్స్‌ఫార్మరును చేరును. ట్రాన్స్‌ఫార్మరు దానిని తలక్రిందుగా పెంచును. మన యింటి 230 వోల్టులు వీథిలోని 11,000 వోల్టుల తీగకు ప్రాణము పోయగలవు. సబ్‌స్టేషనులో ఆపివేసితి మనుకొన్న తీగపై లైన్‌మన్ చేయి వేసి యుండును!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు వేలాది స్తంభములు నేల కూలెను. ఇతర జిల్లాల నుండి, పొరుగు రాష్ట్రముల నుండి విద్యుత్ సిబ్బంది తరలి వచ్చి, వానలో, బురదలో స్తంభములు నిలిపి తీగలు లాగిరి. దీపములు తిరిగి వెలిగిన రాత్రి నగరము వారిని కొనియాడెను. అట్టి ప్రశంస సహజము. కాని తుపాను లేని మామూలు మంగళవారమున, ఎండలో ఒక్కడే స్తంభము మీద నున్న మనుష్యునకు గూడ ఆ గౌరవములో భాగ ముండవలెను.

కావున ప్రభుత్వము దినములు నిర్ణయింపవలసినదే, పురస్కారము లీయవలసినదే. ఆ పని చిన్నది గాదు. కానరాని శ్రమను కానవచ్చునట్లు చేయు మార్గ మది యొక్కటే. కాని ఆ దినమున మూడు ప్రశ్నలు గూడ అడుగవలెను. గడచిన యేడాది ఎందరు కార్మికులు క్షేమముగా ఇల్లు చేరిరి? గాయపడినవాని కుటుంబమునకు ఎన్ని దినములలో సాయ మందినది? స్థిర ఉద్యోగికిని కాంట్రాక్టు కార్మికునకును ఒకే విధమైన తొడుగులు, ఒకే విధమైన శిక్షణ లభించినవా? వీనికి సరియైన సమాధానములున్న చోట సన్మానము సార్థకము.

గృహస్థులమైన మన వంతు మనకును గలదు. తెగిన తీగను ముట్టక వెంటనే తెలియజేయుట. జనరేటరునకు సరియైన స్విచ్చి పెట్టించుకొనుట. మరమ్మతు సాగుచుండగా తొందర పెట్టకుండుట. మన వీథి లైన్‌మన్ పేరు తెలిసికొని పేరుతో పిలుచుట. ఇందులో ఏదియు కష్టము గాదు.

పని ముగించి లైన్‌మన్ స్తంభము దిగును. భూమితో కలిపిన తీగలను విడదీసి, సబ్‌స్టేషనునకు లైన్ క్లియర్ తిరిగి ఇచ్చును. ఆపరేటరు పుస్తకమున గంట వ్రాసి మీట నొక్కును. మన యింట దీపము వెలుగును. తీసికొన్నవాడే తిరిగి ఇచ్చెనని ఆ పుస్తకమున వ్రాయబడిన ప్రతిదినమును, అతనికిని అతని యింటివారికిని, సన్మాన దినమే.