నెట్ రాని బడే మీ ప్రాజెక్టు!

ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకట్లేదా? మీ ఊరి ప్రభుత్వ బడికి ఓసారి వెళ్లి చూడండి. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘దీక్ష’ వేదికలో పాఠాలకు కొదవ లేదు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వచ్చేస్తుంది. మరి తరగతిలో 40 మంది ఉండి, సిగ్నల్ టీచర్ ఫోన్‌కి ఒక్కదానికే అందితే? అక్కడ లోటు పాఠాలది కాదు, కనెక్షన్‌ది.

దీనికి దారి ఉంది. ‘కొలిబ్రి’ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని పాత ల్యాప్‌టాప్‌లోనో, రాస్ప్‌బెర్రీ పైలోనో ఇన్‌స్టాల్ చేయండి. నెట్ ఉన్నచోట ఖాన్ అకాడమీ వీడియోలు, ‘ఫెట్’ సైన్స్ సిమ్యులేషన్లు ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకోండి. తెలుగులో లేని పాఠాలకు టీచర్లతోనే వీడియోలు తీయించి, కొలిబ్రి స్టూడియో ద్వారా కలపొచ్చు. బడిలో ఓ వైఫై రౌటర్ పెడితే, పిల్లలు బ్రౌజర్‌లోనే అవి చూస్తారు. డేటా ఖర్చే ఉండదు.

అయితే పెట్టేసి వచ్చేస్తే అది నెల తిరక్కుండా మూలన పడుతుంది. ముందు హెడ్‌మాస్టర్ అనుమతి తీసుకోండి. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో టీచర్లను అడిగి ఆ పాఠాలే ఎంచుకోండి. కనీసం ఇద్దరు టీచర్లకు నడపడం నేర్పండి.

ఇంటర్వ్యూలో ‘లైనక్స్, నెట్‌వర్కింగ్ వచ్చు’ అని అందరూ చెప్తారు. ‘నెట్ లేని బడిలో సర్వర్ నిలబెట్టా, ఇంతమంది వాడుతున్నారు’ అని మీరు లెక్క చూపిస్తే, తర్వాతి ప్రశ్న దానిమీదే వస్తుంది.