రెండు పుట్టుమచ్చలు, ఒక స్లామ్‌బుక్

పదో తరగతికి వచ్చిన ప్రతి పిల్ల గురించీ, పిల్లాడి గురించీ బడిలో రెండు పత్రాలు తయారవుతాయి. మొదటిది నామినల్ రోల్. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో హెడ్మాస్టరు గదిలో నింపుతారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కులం, మీడియం, వీటితో పాటు రెండు పుట్టుమచ్చలు. పుట్టుమచ్చలు రాసుకునే రోజు క్లాసంతా సందడే. చొక్కా చేతులు పైకి మడిచి, మెడలు వంచి ఒకరి ఒంటిమీద ఒకరు వెతుకుతారు. ఎంత వెతికినా దొరకని వాడికి ఎప్పుడో సైకిలు మీంచి పడ్డప్పటి మచ్చ అక్కరకొస్తుంది. ఆ కాగితం మీద రాసిన పుట్టిన తేదీయే సర్టిఫికెట్టు మీదికి ఎక్కి, పాస్‌పోర్టు నుంచి పింఛను దాకా మనిషి వెంట నడుస్తుంది.

రెండో పత్రాన్ని ఏ ఆఫీసూ అడగదు. అది స్లామ్‌బుక్. ప్రీఫైనల్ పరీక్షలు జరుగుతుండగానే, ఫ్యాన్సీ షాపులో కొన్న రంగుల పుస్తకమో, స్కెచ్ పెన్నులతో గళ్లు గీసుకున్న లాంగ్ నోట్‌బుక్కో బెంచీల కింద చేతులు మారడం మొదలవుతుంది.

పదో తరగతి పిల్లలు ఏమనుకుంటున్నారో ముఖచిత్ర కథనంగా కావాలి, పరీక్షలకు ముందు ఆదివారం రావాలి, గురువారానికల్లా అందాలి అని మా పత్రిక డెస్క్ చెప్పింది. నేను మొదట వేసుకున్న లెక్క మామూలుదే. ఉత్తీర్ణత శాతాలు, కోర్సుల వివరాలు, ఒక నిపుణుడి సలహా. కానీ ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలు నన్ను నమ్మి తమ స్లామ్‌బుక్కులు చేతికిచ్చారు. అవి చదివాక మిగతాదంతా వెనక్కి జరిగింది. ఆ ఊరి పేరూ, పిల్లల పేర్లూ ఇక్కడ రాయను. వాళ్లు రాసుకున్నది స్నేహితుల కోసం.

పుస్తకంలో ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. ముద్దుపేరు, నచ్చిన రంగు, నచ్చిన హీరో, నచ్చిన టీచరు, బెస్ట్ ఫ్రెండ్, మరచిపోలేని రోజు, ఆశయం, చివర 'నా గురించి నీ మాట'. హీరో గడిలో చేతిరాత చూడండి, అక్షరాలు లావుగా, పక్కన నక్షత్రాలతో ఉంటాయి. బెస్ట్ ఫ్రెండ్ గడిలో చాలా కొట్టివేతలు. ముగ్గురి పేర్లు రాసి, నాలుగో పేరు చోటు చాలక అంచున నిలువుగా రాస్తారు. ఆశయం గడికి వచ్చేసరికి చేతిరాత చిన్నదైపోతుంది. నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ గడే.

కలెక్టర్, పోలీస్, డాక్టర్, సాఫ్ట్‌వేర్. ఈ నాలుగే ఎక్కువ. వీటి మధ్యలో కొన్ని వేరే మాటలు కనబడతాయి. జేసీబీ ఆపరేటర్. బ్యూటీ పార్లర్. కబడ్డీ. ఆర్మీ. ఆర్మీ రాసిన మగపిల్లలు తెల్లవారుజామున ఊరి రోడ్డు మీద పరుగెత్తుతున్నారట. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో 45 శాతం మార్కులు, 17½ ఏళ్ల వయసు ఉండాలని వాళ్లకు నోటికి వచ్చు. రైతు అన్న మాట ఒక్కచోట కనబడింది. అదీ రాసి, కొట్టేసి, పైన బిజినెస్ అని దిద్దారు. ఆ కొట్టివేత కింద అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. పొలంలో మిరప కోతలు సాగుతున్న రోజుల్లో, బడి అయ్యాక అక్కడికే వెళ్లే పిల్లాడు రాసిన మాట అది. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒక అబ్బాయి గురించి వేర్వేరు చేతులు ఒకే సంగతి రాశాయి. ఆగస్టు 15న జెండా ఎగరేసే వేళకి మైకు మొరాయిస్తే బాగుచేసింది అతనే. సైన్స్ మేడం ల్యాబ్‌లో పాడైన మీటర్లు అతనికే ఇస్తారు. ఊళ్లో పెళ్లి జరిగితే సౌండ్ బాక్సుల దగ్గర ఉంటాడు. ఆశయం గడిలో సొంత సౌండ్ సిస్టమ్ అని రాసుకున్నాడు. వాళ్ల ఇంట్లో మాత్రం ఎంపీసీ అన్నది ఎప్పుడో ఖాయమైంది. పట్నంలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్, ఉదయం నుంచి రాత్రి దాకా చదువు, రెండేళ్ల తర్వాత ఇంజినీరింగ్ సీటు. తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. కూలి డబ్బులు కూడబెట్టి ఆ ఫీజు కట్టేవాళ్ల ప్రేమను శంకించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ అబ్బాయి చేతులకు ఏం వచ్చో క్లాసంతా సాక్ష్యం రాసి పెట్టింది కదా. పదో తరగతితోనే ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరవచ్చు, మూడేళ్లు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. డిప్లొమా సీటు కోసం రాసే పాలిసెట్ 120 మార్కుల పరీక్షలో గణితం వాటా తెలంగాణలో 60, ఆంధ్రప్రదేశ్‌లో 50. అతనికి కష్టమయ్యేది అక్కడే. ఆ లెక్కలు నేర్పించడానికి ఇంకా సమయం ఉంది.

ఇంకో పుస్తకంలో ఒక అమ్మాయి పేజీ. కబడ్డీ జట్టు కెప్టెన్. క్లాసులో ఎవరు మాట్లాడుకోవడం మానేసినా కలిపేది ఆమేనని రాసినవాళ్లు చాలామంది. ఆశయం గడిలో పెన్నుతో పోలీస్ అని ఉంది, దాని కింద పెన్సిల్‌తో నర్సు అని. ఎందుకు రెండని అడిగాను. మొదటిది తనకు ఇష్టం, రెండోది ఇంట్లో ఒప్పుకునేది అంది. ఊళ్లో జూనియర్ కాలేజీ లేదు, మండల కేంద్రానికి వెళ్లాలి. మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉంది కాబట్టి చార్జీల బెంగ తగ్గింది. సాయంత్రం బస్సు ఎన్నింటికి వస్తుందన్నదే ఇప్పుడు ఇంట్లో ప్రశ్న.

ఆ ప్రశ్నను చిన్నదిగా చూడకూడదు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల్లో అమ్మాయిలు 84.09 శాతం, అబ్బాయిలు 78.31 శాతం ఉత్తీర్ణులయ్యారు. అదే రాష్ట్రంలో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల వయసు మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో అది 23.5 శాతం. చదువులో ముందున్న పిల్ల ఇంట్లో కూర్చోవలసి వచ్చేది చాలాసార్లు ఈ మలుపు దగ్గరే, పదికీ ఇంటర్‌కీ మధ్య ఉండే ఆ వేసవిలో. ఆ పెన్సిల్ గీతను అందుకే మరచిపోలేకపోతున్నాను.

'నా గురించి నీ మాట' పేజీలు పిల్లలు రాత్రిళ్లు ఇంటికి తీసుకెళ్లి రాస్తారు. మార్కుల ఊసు అక్కడ ఉండదు. అన్నం డబ్బాలో ఎవరి పచ్చడి బాగుంటుంది, ఎవరు జ్వరం వచ్చినప్పుడు నోట్సు రాసిపెట్టారు, ఎవరి నవ్వు మూడు గదుల అవతలికి వినబడుతుంది, ఇవే. ఏడాది పొడవునా మాట్లాడని ఒక కుర్రాడి గురించి, అతను వర్షం రోజు చిన్న తరగతి పిల్లల్ని వాగు దాటించిన సంగతి పక్క బెంచీ అమ్మాయి రాసింది. ఆ క్లాసు టీచరుకు కూడా అది అప్పటిదాకా తెలియదు.

బడి పదితో ముగియడం ఎలా మొదలైందో రెండు మాటల్లో. పెద్దవాళ్లు ఎస్సెల్సీ అని చెప్పే కాలంలో హైస్కూలు 11వ తరగతి దాకా ఉండేది, తర్వాత పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు). 1969లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్ తెచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అప్పటినుంచి బడి అంటే పదితో ముగిసేదే అయింది. 2008లో ట్రిపుల్ ఐటీలుగా పిలిచే ఆర్‌జీయూకేటీ ప్రాంగణాలు బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో వచ్చాక, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్‌కు వెళ్లే దారి ఏర్పడింది.

మన ఊళ్లలో మనిషికి 'బ్యాచ్' అంటే డిగ్రీ బ్యాచ్ కాదు, టెన్త్ బ్యాచే. ఏ ఆదివారమైనా పత్రికల జిల్లా పేజీలు తిరగేయండి, పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఫొటో ఒకటి ఉంటుంది. పాతికేళ్ల తర్వాత కలిసినవాళ్లు, ముందు వరసలో శాలువాలు కప్పుకున్న గురువులు. అక్కడ మైకు పట్టుకున్నవాళ్లు చెప్పుకునేది కూడా స్లామ్‌బుక్ చివరి పేజీ మాటలే, ఎవరు పచ్చడి తెచ్చేవారు, ఎవరు నవ్వించేవారు అని.

ప్రస్తుతానికి నేను వెళ్లిన ఆ బడిలో ఉదయం స్టడీ అవర్, సాయంత్రం ప్రత్యేక తరగతి, మధ్యలో స్లిప్ టెస్టులు. తొమ్మిదో తరగతి పిల్లలు వీడ్కోలు సభకు డబ్బులు పోగేస్తున్నారు. అమ్మాయిలు అమ్మల చీరలు ఎంచుకోవడం అయిపోయింది. సార్లు వెనకబడిన పిల్లల్ని తలా కొందరిగా పంచుకుని చదివిస్తున్నారు. ఏ టీచరుకైనా, ఏ తల్లికైనా నాదొక్కటే విన్నపం. గ్రూపు ఖాయం చేసే ముందు ఆ స్లామ్‌బుక్ చూపిస్తావా అని పిల్లను అడగండి. చూపించనంటే బలవంతం చేయకండి. ఆశయం గడిలో ఏం రాశావని మాత్రం అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.

వీడ్కోలు లేని బ్యాచ్

2020 మార్చిలో తెలంగాణలో మూడు పేపర్లు అయ్యాక పరీక్షలు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదలే కాలేదు. కరోనా వల్ల చివరికి రెండు రాష్ట్రాలూ పరీక్షలు రద్దుచేసి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించాయి. 2021లోనూ అంతే. ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలకు ఆఖరి పరీక్ష రోజు గేటు బయట ఏడుపులూ, చొక్కాల మీద ఇంకు సంతకాలూ లేవు. అప్పుడు టెన్త్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటారు. వాళ్లకు సమ్మేళనం జరపాలనుకునే బడులు పాతికేళ్లు ఆగనవసరం లేదు.

ఈ నెలలో చూసుకోవలసినవి

హాల్‌టికెట్టు చేతికి రాగానే పేరులో అక్షరాలు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు సరిచూడండి. తప్పుంటే వెంటనే హెడ్మాస్టరుకు చెప్పాలి. సర్టిఫికెట్టు వచ్చాక పుట్టిన తేదీ మార్చుకోవడం చాలా కష్టం. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది కాబట్టి, మార్కులు కాస్త తగ్గాయని దరఖాస్తు మానుకోవద్దు. పాలిసెట్ రాయాలనుకునేవాళ్లు పరీక్షల హడావుడిలో దరఖాస్తు గడువు దాటిపోనివ్వకండి. పాసు మార్కులు 35, హిందీకి 20. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి, అందులో గట్టెక్కితే ఏడాది వృథా కాకుండా అదే సంవత్సరం కాలేజీలో చేరవచ్చు. సప్లిమెంటరీ ఫీజు గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ముగుస్తుంది, కాబట్టి ఫలితాల రోజునే బడికి వెళ్లి కనుక్కోండి.