అదే మెమో ఎన్నిసార్లు అప్‌లోడ్ చేశారు?

మల్లాపూర్ మండలంలో ఇంటర్ పాసైన ఒక అమ్మాయిని ఊహించుకోండి. మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో జగిత్యాలలోనో డిగ్రీ చేరాలి. ఆధార్‌కు లింకైన సిమ్ దుబాయిలో ఉన్న నాయిన దగ్గర ఉంది. ఓటీపీ వస్తే అక్కడికే పోతుంది. అయినా దోస్త్ రిజిస్ట్రేషన్ ఆగదు. టీ యాప్ ఫోలియో తెరిచి, ఇంటర్ హాల్‌టికెట్ నంబర్, పుట్టిన తేదీ కొట్టి, ఒక సెల్ఫీ దిగితే మనిషి ఎవరో తేలిపోతుంది. మార్కులు టైప్ చేయాల్సిన పని కూడా లేదు, ఇంటర్ బోర్డు దగ్గరి నుంచి అవే వచ్చి కూర్చుంటాయి.

కొన్ని నెలల తర్వాత అదే అమ్మాయి జిరాక్స్ సెంటర్ ముందు నిలబడి ఉంటుంది. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్‌లోనే నింపింది. ఇప్పుడు దాన్ని ప్రింట్ తీసి, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పెట్టి కాలేజీలో ఇయ్యాలె. అదే రాష్ట్రం, అదే ఫోను, అదే అమ్మాయి. దోస్త్ ఆమెను సెల్ఫీతో గుర్తుపట్టింది. మిగతావాళ్లకు మాత్రం ఆమె ఎవరో మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఎందుకిట్ల? సర్వర్లు పాతవనో, ఇంటర్నెట్ స్లో అనో అనుకుంటాం. అసలు సంగతి వేరే. మన కాలేజీలు, యూనివర్సిటీలు, బోర్డుల కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎంత బాగా పలకరించుకుంటున్నాయన్నది ప్రశ్న. దాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉంది. పేరే కాస్త భారీగా ఉంటుంది: సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ మెచ్యూరిటీ. పేరు చూసి పేజీ మార్చకండి, దీనికి ఉదాహరణ మీ జేబులోనే ఉంది.

ఫోన్‌పేకూ గూగుల్ పేకూ ఉన్న చుట్టరికం

కోరుట్ల కిరాణా దుకాణంలో గోడకు అతికించింది ఫోన్‌పే క్యూఆర్ కోడ్. మీ ఫోన్లో ఉన్నది గూగుల్ పే. మీ ఖాతా ఒక బ్యాంకులో, సేటుది ఇంకో బ్యాంకులో. అయినా పైసలు పోయి పడతాయి. 2016లో వచ్చిన యూపీఐ చేసిన పని ఇదే. ప్రతి బ్యాంకూ తన లెక్కలు తన దగ్గరే పెట్టుకుంటుంది, తన సాఫ్ట్‌వేర్ తనదే. బయటికి మాత్రం అందరికీ అర్థమయ్యే ఒకే తీరు కిటికీ తెరిచి పెడుతుంది. ఆ కిటికీ దగ్గరికొచ్చి సరైన పద్ధతిలో అడిగితే సరైన జవాబు ఇస్తుంది. లోపల ఎట్లా చేసిందో అడిగినవాళ్లకు అక్కర్లేదు. ఆ కిటికీనే సర్వీస్ అంటారు. కిటికీలను కలిపి పెద్ద పని జరిపించుకునేలా మొత్తం వ్యవస్థను కట్టడమే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్.

సిరిసిల్లవాళ్లకైతే ఇంత చెప్పాల్సిన పని లేదు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. నూలుకు రంగు అద్దేది ఒకరు, వార్పిన్ తోలి భీమ్‌కు చుట్టేది ఒకరు, సాంచ నడిపేది ఇంకొకరు. వార్పిన్ ఎట్ల తోలారన్నది సాంచ దగ్గరున్న మనిషికి అనవసరం. భీమ్ కొలత కుదిరితే ఎక్కించి నడిపిస్తాడు. కొలత కుదరకపోతే ఎంత మంచి నూలైనా పక్కన పడి ఉండాల్సిందే. కంప్యూటర్లలో ఆ కొలతనే ఏపీఐ అంటున్నారు, అంతే తేడా.

ఇక మెచ్యూరిటీ. ఒక సంస్థ ఈ దారిలో ఎంతదూరం వచ్చిందో కొలవడానికి ది ఓపెన్ గ్రూప్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2009లో ఓసిమ్ అనే కొలబద్ద తయారుచేసింది. 2012లో దానికి ఐఎస్ఓ ప్రమాణం హోదా కూడా వచ్చింది. అందులో ఏడు మెట్లున్నాయి. మొదటి మెట్టు పేరు సైలో, అంటే గాదె. ఎవరి గాదె వాళ్లది, ఒకరి గింజ ఇంకొకరికి అందదు. రెండో మెట్టులో గాదెల మధ్య పైపులు వేస్తారు, కానీ ఏ రెండింటికి కావాలంటే ఆ రెండింటికి విడిగా వేసుకోవాలి. మూడోదాంట్లో లోపలి సరుకును విడి భాగాలుగా సర్దుతారు. నాలుగో మెట్టు నుంచి అసలు కథ: పనులు సర్వీసులుగా బయటికొస్తాయి. ఐదోదాంట్లో ఆ సర్వీసులను కలిపి కొత్త పనులు అల్లుతారు. ఆరు, ఏడు మెట్లు పెద్ద పెద్ద కంపెనీల గోల. మనకిప్పుడు అక్కర్లేదు.

దోస్త్ ఏ మెట్టు మీద ఉంది?

2016కు ముందు డిగ్రీలో చేరాలంటే కాలేజీ కాలేజీకీ తిరిగి అప్లికేషన్ కొనాలి. ఏ కాలేజీలో ఎన్ని సీట్లు మిగిలాయో ఆ కాలేజీ ఆఫీసుకే తెలియాలి. అచ్చంగా గాదెల కాలం. ఆ ఏడాది వచ్చిన డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ, అదే దోస్త్, ఉస్మానియా, కాకతీయతో పాటు మన శాతవాహన దాకా యూనివర్సిటీల డిగ్రీ సీట్లను ఒకే చోటికి తెచ్చింది.

దోస్త్ గొప్పదనం వెబ్‌సైట్‌లో లేదు, వెబ్‌సైట్ మామూలుదే. అది తన పని కోసం ఇతరుల కిటికీలు తట్టడంలో ఉంది. మార్కులు ఇంటర్ బోర్డు చెబుతుంది. మనిషి ఎవరన్నది ఆధార్ చెబుతుంది. ఆధార్‌కు ఫోన్ లింక్ లేకపోతే టీ యాప్ ఫోలియో సెల్ఫీ, అదీ కాకపోతే మీసేవలో వేలిముద్ర. ఒకే పనికి మూడు దారులు. దుబాయికి, మస్కట్‌కు, దోహాకు ఇంటికొకరు పోయిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఈ మూడు దారులు ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. ఒక సర్వీస్ పలకకపోతే ఇంకో సర్వీస్‌తో పని కానిచ్చే ఈ లక్షణం వల్ల, నా లెక్కలో దోస్త్‌కు నాలుగో మెట్టు ఇవ్వొచ్చు. అప్పుడప్పుడు ఐదో మెట్టు మీద కాలు పెడుతుంది.

కానీ సీబీఎస్‌ఈలోనో వేరే రాష్ట్రంలోనో చదివి వచ్చిన పిల్లల్ని అడగండి. వాళ్లు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, హెల్ప్‌లైన్ సెంటర్ వాళ్లు చూడాలి. ఆ పిల్లలకు దోస్త్ రెండో మెట్టులోనే ఉన్నట్టు. ఒకే వ్యవస్థకు ఒకే మార్కు వేయలేమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. కిటికీ తెరిచి ఉన్నంత మాత్రాన లోపలి నుంచి వచ్చే జవాబు నిజమవుతుందా? 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? పరీక్ష రాసిన పిల్లలకు గైర్హాజరని పడింది. తెలుగులో సున్నా వచ్చిన ఒక విద్యార్థినికి మళ్లీ చూస్తే 99 మార్కులు తేలాయి. కొన్ని ఇళ్లలో ఆ ఫలితాల తర్వాత జరిగింది ఏ రీవెరిఫికేషనూ సరిదిద్దలేనిది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. వ్యవస్థలన్నీ ఒకదాన్నొకటి నమ్ముకుని నడిచే చోట, మూలంలో ఒక తప్పు పడితే అది దోస్త్‌కు, అక్కడి నుంచి సీటుకు, స్కాలర్‌షిప్‌కు క్షణంలో పాకుతుంది. కాగితాల కాలంలో తప్పు నెమ్మదిగా నడిచేది. అందుకే ఓసిమ్ కొలబద్ద సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే చూడదు. సమాచారం ఎంత శుభ్రంగా ఉంది, దానికి జవాబుదారీ ఎవరు అని కూడా అడుగుతుంది.

టోకెన్ పడింది, పైసలు రాలేదు

ఈపాస్‌ను పూర్తిగా తిట్టడం న్యాయం కాదు. టెన్త్ హాల్‌టికెట్ నంబర్, మీసేవ సర్టిఫికెట్ల నంబర్లు అదీ అడుగుతుంది. తేడా ఎక్కడంటే, నంబరు ఇచ్చిన తర్వాత కూడా కాగితం అడగడం మానలేదు. అంటే కంప్యూటర్ ఒక మెట్టెక్కింది, ఆఫీసు పద్ధతి ఎక్కలేదు. కంప్యూటర్‌లో కనిపించింది చాలని రాసిచ్చే అధికారి లేకపోతే, ఆడిట్‌లో అడుగుతారేమోనన్న భయంతో ప్రతి టేబులూ ఒక జిరాక్స్ సెట్టు దాచుకుంటుంది. ఆ భయానికి మందు ప్రోగ్రామర్ దగ్గర దొరకదు, ప్రభుత్వ ఉత్తర్వులో దొరుకుతుంది.

పైగా ఈపాస్ దారి పొడుగు. విద్యార్థి, కాలేజీ, జిల్లా సంక్షేమ శాఖ, ఆ తర్వాత ట్రెజరీ. 75 శాతం హాజరు ఉందో లేదో కాలేజీ చెప్పాలి. బిల్లు ట్రెజరీకి పోయి టోకెన్ నంబర్ పడితే పైసలు వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు, క్యూలో నిలబడినట్టు. ఈ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టడం, ఫీజు కట్టేదాకా టీసీ, మెమోలు ఇవ్వకుండా పట్టుకోవడం మన దగ్గర ఏటా వినే మాటే. ఏ ఆర్కిటెక్చరూ ఖజానాలో డబ్బు పుట్టించలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఫైలు ఏ టేబుల్ మీద, ఎన్ని రోజుల నుంచి ఆగిందో పిల్ల ఫోన్‌కు చెప్పగలదు. స్విగ్గీలో బిర్యానీ ఏ చౌరస్తా దగ్గరుందో కనిపిస్తున్న రోజుల్లో ఇది అత్యాశ కాదు.

జిల్లా మారింది, డేటా మారిందా?

ఒక కాలేజీ, యూనివర్సిటీ ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి పెద్ద కన్సల్టెంట్ అక్కర్లేదు. ఏదైనా ఒకటి మారినప్పుడు దాన్ని ఎన్ని చోట్ల మార్చాల్సి వచ్చిందో లెక్కపెట్టండి.

2016 అక్టోబర్ 11న మల్లాపూర్ కరీంనగర్ జిల్లా నుంచి కొత్త జగిత్యాల జిల్లాలోకి వచ్చింది, సిరిసిల్ల తానే జిల్లా అయింది. ఊరు కదల్లేదు, పేరు మారలేదు. కానీ పాత సర్టిఫికెట్‌లో కరీంనగర్, కొత్తదాంట్లో జగిత్యాల. జిల్లా పేరును ప్రతి ఆఫీసూ తన గాదెలో విడిగా రాసుకుని ఉంటే, మార్పు ప్రతి గాదెలోనూ విడిగా జరగాలి. ఒకటి మిగిలిపోయినా అక్కడ పిల్లల పేర్లు ‘మ్యాచ్ కాలేదు’ అని ఎర్రగా కనిపిస్తాయి. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు కూడా పరీక్ష ఇదే. ఇంకా చిన్న పరీక్ష మీ దగ్గరే ఉంది: సిమ్ పోయి కొత్త నంబర్ తీసుకుంటే ఎన్ని పోర్టళ్లలో మార్చాలి? ఆధార్, దోస్త్, ఈపాస్, కాలేజీ ఆఫీసు, ఎగ్జామ్ బ్రాంచ్, బ్యాంకు. ఆ అంకె ఎంత పెద్దదైతే మెట్టు అంత కింద.

ఇదంతా ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలంటే, దేశం మొత్తం ఒకే తీరు కిటికీల వైపు పోతోంది. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. మీరు పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు బ్యాంకులో పైసల్లాగా మీ ఖాతాలో పడతాయి, కాలేజీ మారితే వెంట వస్తాయి. మెమోలు, డిగ్రీలు డిజిలాకర్‌లోని నేషనల్ అకడమిక్ డిపాజిటరీకి వస్తాయి. దీనికంతా తాళంచెవి 12 అంకెల అపార్ ఐడీ. కాగితం మీద ఇది ఐదో మెట్టు. నేల మీద మాత్రం యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ మార్కులను టైముకు, సరైన ఐడీకి ఎక్కిస్తేనే. ఖాతా ఉండి క్రెడిట్ పడకపోతే అది ఖాళీ పాస్‌బుక్కే.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఒక్క అక్షరంగా వెనక ఉంటుంది. పాన్ కార్డులో ఇంకో తీరు. మనుషులు చూస్తే ముగ్గురూ ఒకరేనని తెలుస్తుంది. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఇంటిపేరు ఎక్కడుందన్న నియమాన్ని అందరూ ఒకే తీరుగా పెట్టుకోకుండా ఎన్ని ఏపీఐలు తెరిచినా, పేరు దగ్గర బండి ఆగుతుంది. పోర్టల్ ఘనంగా ప్రారంభించే పెద్దలు ఈ ముక్క ఎప్పుడూ మాట్లాడరు, ఫొటోకు అంత బాగుండదు కాబట్టి.

అందుకని వచ్చే దోస్త్ నోటిఫికేషన్ దాకా ఆగకండి. టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ఆధార్ సెంటర్‌కు టెన్త్ మెమో పట్టుకుని పొండి. మెమో మార్పించడం కన్నా ఆధార్ మార్పించడం సులువు. నాయిన సిమ్ దుబాయిలోనే ఉంటే, ఆ పనితోపాటే ఆధార్‌కు మీ సొంత నంబర్ కూడా కలిపించుకుని రండి. ఇక డిగ్రీలో ఉన్నవాళ్లు ఒక్కసారి డిజిలాకర్ తెరిచి, మొదటి సెమిస్టర్ క్రెడిట్లు పడ్డాయో లేదో చూడండి. పడకపోతే కాలేజీ ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘సార్, మా మార్కులు ఏబీసీలో ఎక్కించే బాధ్యత ఎవరిది?’