దిగుటకు ముందు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేటలు కలవు. విజయవాడకు పోవు రాజమార్గము వీని మీదుగనే సాగును. ఎత్తయిన స్తంభములపై మెట్రో రైలు పరుగెత్తుచుండును. దుకాణముల ముందు జనులు క్రిక్కిరిసియుందురు. కాని తమ పాదముల క్రింద మరియొక మార్గము కలదని తలచువారు అరుదు. వీధులలో అక్కడక్కడ కనిపించు గుండ్రని మూతల క్రింద మురుగునీరు చీకటిలో ప్రవహించుచుండును. ఆ మూతలు గల గుంతలనే మ్యాన్‌హోళ్ళందురు.

2021వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఎల్.బి.నగర్ చేరువనున్న సాహెబ్‌నగర్‌లో, ఒక రాత్రి మ్యాన్‌హోలును శుభ్రపరచుటకు పనివారు వచ్చిరి. ఒకడు లోనికి దిగెను; మరల పైకి రాలేదు. అతనిని రక్షింపవలెనని రెండవవాడు దిగెను. అతడును రాలేదు. ఇరువురును మరణించిరి. వారికి ధైర్యము లోపింపలేదు. తోటివానిపై ప్రేమయు లోపింపలేదు. మరి లోపించినదేమి?

ఈ ప్రశ్నకు సమాధానము సముద్రములోను, నీటి గుహలలోను దిగు డైవర్ల అలవాట్లలో దొరకును. వారును గాలి దొరకని చోటికే పోవుదురు. అయినను వారిలో నియమము తప్పనివారు క్షేమముగా తిరిగి వచ్చుచుందురు. ఆ నియమమెట్టిదో తెలిసికొనుట అందరికిని అవసరము.

నీటిలో మనుష్యుడు ఊపిరి పీల్చలేడు. కావున తనకు వలయు గాలిని తనతో మోసికొని పోవలెను. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనువారు ఇందులకు తగిన సాధనమును సిద్ధపరచిరి. వీపున గాలి నింపిన సిలిండరుండును, నోట రెగ్యులేటరుండును. డైవరు ఏ లోతున నున్నను, అచ్చటి నీటి ఒత్తిడికి సరిపడు ఒత్తిడితో రెగ్యులేటరు గాలి నందించును. నేటి స్కూబా విద్య దానినుండియే లోకమంతట వ్యాపించినది.

నీటిలో దిగినకొలది ఒత్తిడి పెరుగును. ప్రతి 10 మీటర్లకును ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. 30 మీటర్ల లోతున అది నేలమీది దానికి 4 రెట్లగును. అందుచేత ఒక్కొక్క ఊపిరికిని 4 రెట్ల గాలి వ్యయమగును. ఒడ్డున ఒక గంటకు సరిపోవు గాలి అచ్చట 15 నిమిషములకే అయిపోవును.

మరియొక చిక్కు కలదు. గోలీసోడాలో గోలీని నొక్కగనే బుడగలు పొంగుటను మీరు చూచియుందురు. ఒత్తిడిచే నీటిలో కరగియున్న వాయువు, ఒత్తిడి తగ్గగనే బయటికి వచ్చుటయే దానికి కారణము. లోతున నున్నపుడు డైవరు రక్తమాంసములలో నత్రజని అట్లే కరగును. అతడు తొందరపడి పైకి వచ్చినచో అది బుడగలుగా మారి కీళ్ళను, నరములను బాధించును; ప్రాణమునైనను తీయవచ్చును. కావున మెట్టుమెట్టుగా ఆగుచు పైకి రావలెనని జాన్ స్కాట్ హాల్డేన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1908లో పట్టికలు కూర్చి చూపెను.

వినోదమునకై దిగువారు సాధారణముగా 40 మీటర్లను మించి పోరాదు. ఆపద తోచినచో వారు నేరుగా పైకి రాగలరు. అంతకంటె లోతునకును, మునిగిన ఓడలలోనికిని, నీటి గుహలలోనికిని పోవువారిని టెక్నికల్ డైవర్లందురు. వారి తలపై రాతికప్పు ఉండవచ్చును. లేదా ఆగియాగి రావలసిన కాలమే కప్పువలె అడ్డుపడవచ్చును. వారు పైకి పరుగెత్తుటకు వీలులేదు. కావుననే లోపమును ఒడ్డుననే పట్టుకొనవలెను.

మొదట పరీక్షింపవలసినది సిలిండరులోని వాయువు. లోతునకు తగినట్లు ఆక్సిజను, నత్రజని, హీలియముల పాళ్ళను మార్చి నింపుదురు. సగము ఆక్సిజను గల మిశ్రమము సుమారు 21 మీటర్ల లోతు వరకు ఉపకరించును. అంతకు దిగువ అదియే విషమై మూర్ఛ తెప్పింపవచ్చును. పైకి చూచుటకు సిలిండర్లన్నియు ఒక్కతీరుగనే యుండును. కావున ఆ వాయువును పీల్చువాడే దానిని స్వయముగా కొలిచి, ఆక్సిజను పాలును, దిగదగిన లోతును, తేదీని ఒక పట్టీపై వ్రాసి సిలిండరునకు అంటించును. “నింపినవాడు చెప్పినాడు గదా” యని ఊరకుండడు. పట్టీ లేని సిలిండరును నోటికి తగిలింపడు.

రెండవది సిలిండరు కవాటము. దానిని కొంచెమే తెరచినచో ఒడ్డున గాలి బాగుగనే వచ్చును. లోతునకు పోయినపుడు చాలదు. ఈ లోపమును కనిపెట్టుటకు సులభమైన ఉపాయము కలదు. డైవరు రెగ్యులేటరుతో నాలుగైదు దీర్ఘశ్వాసలు పీల్చుచు పీడనమాపకపు ముల్లును చూచుచుండును. ముల్లు నిలుకడగా నున్నచో మేలు. ఊపిరి పీల్చినప్పుడెల్ల ముల్లు పడి, మరల లేచుచున్నచో కవాటము సరిగా తెరువబడలేదని గ్రహించును.

మూడవది జంట సాధనములు. ఒకటి చెడినను రెండవది పనిచేయవలెను. అందుచేత రెండు రెగ్యులేటర్లు వేరువేరు కవాటములకు తగిలింపబడియుండును. గుహలలోనికి పోవువాడు ఒక్క దీపమును కాక మూడు దీపములను కొనిపోవును. చిక్కుకొన్న త్రాడును కోయు కత్తి చేతికందునట్లుండవలెను. గాలి నింపగనే శరీరమును తేల్చు కోటును కూడ నింపి చూడవలెను.

ఈ పరీక్షలన్నియు జ్ఞాపకమునుబట్టి చేయబడవు. జ్ఞాపకము మోసగించును. కావున ఒకడు చీటిని చూచి పెద్దగా చదువును. తక్కినవారు ఆయా సాధనములను చేతితో తాకి బదులు చెప్పుదురు. నీటిలో దిగిన పిదప కొలది లోతున ఆగి, ఒకరి గొట్టములనొకరు పరికింతురు. ఎచ్చటనైనను బుడగలు కారుచున్నచో వెనుకకు మరలుదురు. గాలి అయిపోయినదని ఒకడు సైగ చేయగా, రెండవవాడు తన రెగ్యులేటరు నందించుటను కూడ అచ్చటనే ఒకసారి అభ్యసింతురు.

నీటి గుహలలో అనేకులు మరణించిన పిమ్మట, షెక్ ఎక్స్‌లీ అను అమెరికా డైవరు ఆ ప్రమాదములను విమర్శించి 1979లో ఒక పుస్తకమును ప్రకటించెను. ద్వారమువరకు తెగని త్రాడును పరచుకొనవలెను; గాలిని మూడు పాళ్ళు చేసికొనవలెను అనునవి అందలి ముఖ్య సూత్రములు. సిలిండరులో 210 బార్ల పీడనమున్నచో, 70 లోనికి పోవుటకు, 70 తిరిగి వచ్చుటకు, తక్కిన 70 ఆపదకు. ఆ మూడవ పాలు తనకొరకే కాదు. గాలి కోల్పోయిన తోడివానికొరకు కూడ.

ఇంకొక గొప్ప మర్యాద వారిలో కలదు. మనము బొటనవ్రేలు పైకి చూపినచో “భేష్” అని అర్థము. డైవర్లలో దానికి “పైకి పోదము” అని అర్థము. ఎవడైనను, ఎప్పుడైనను, ఏ కారణమునకైనను ఆ సైగ చేయవచ్చును. చేసిన వెంటనే అందరును మరలుదురు. “ఏల భయపడితివి?” అని యెవరును పరిహసింపరు.

2018లో థాయిలాండు దేశమున థామ్ లుయాంగ్ గుహలో 12 మంది బాలురును, వారి శిక్షకుడును నీటిచే చిక్కుపడిరి. జూలై 10వ తేదీ నాటికి డైవర్లు వారినందరను సజీవులుగా వెలికి తెచ్చిరి. కాని జూలై 6వ తేదీన, గుహలో గాలి సిలిండర్లను చేరవేసి వచ్చుచున్న సమాన్ కునాన్ అను మాజీ నౌకాదళ డైవరు స్పృహ తప్పి మరణించెను. ఎంత నేర్పరికైనను ఆ స్థలము అపాయకరమే యని ఈ ఘటన చాటుచున్నది.

తెలుగు తీరమునను ఈ విద్యకు స్థానము కలదు. విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన నిస్తార్ అను నౌక 2025 జూలై 18వ తేదీన భారత నౌకాదళమున చేరెను. డైవర్లకు తోడ్పడుటయే దాని పని. నిస్తారమనగా గట్టెక్కించుట.

ఇక మరల ఎల్.బి.నగర్ వీధికి వత్తము. మురుగుకాలువలో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను మొదలగు వాయువులు నిండియుండవచ్చును. మొదటిది కుళ్ళిన గ్రుడ్డు వాసన గలది. కాని అది మిక్కుటమైనచో ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. వాసన లేదని దిగినవాడు ఒకటి రెండు ఊపిరులతోనే కూలిపోవచ్చును. పూర్వము తెలుగు పల్లెలలో పాతబావిలోనికి గాని, ధాన్యపు పాతరలోనికి గాని దిగుటకు ముందు దీపమును దింపి చూచు వాడుక యుండెను. దీపమారినచో దిగెడివారు కారు. దిగుటకు ముందు పరీక్షింపవలెనను వివేకము మనవారికి క్రొత్త కాదు. కాని మురుగుకాలువలో దీపము పనికిరాదు. మీథేను భగ్గున మండును. అచ్చట వాయువులను కొలుచు యంత్రమే వలయును. మూతలు ముందుగా తెరచి గాలియాడనీయవలెను. నడుమునకు త్రాడు, ముఖమునకు గాలి నందించు తొడుగు, పైన కనిపెట్టియుండు మనుష్యులు ఉండవలెను.

అన్నిటికంటె ముందు వేసికొనవలసిన ప్రశ్న, “అసలు దిగవలెనా?” అనునది. 2013 నాటి చట్టము రక్షణ సాధనములు లేక మనుష్యులచే మురుగుకాలువలను శుభ్రపరచుటను నిషేధించినది. ఆపత్సమయమునందైనను అట్లు దింపుటను నేరముగా ఎంచవలెనని 2014లో సుప్రీంకోర్టు చెప్పెను. ఇరుకు సందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములు 2017లోనే హైదరాబాదునకు వచ్చెను. అయినను 2021లో ఆ ఇరువురు దిగిరి. యంత్రముండుట చాలదు, చట్టముండుట చాలదు. మూత తెరచిన ప్రతిసారియు వానిని పాటింపవలెను.

లోన కూలినవానిని చూచి వెనువెంటనే దుముకుట సహజమైన దయ. కాని వానిని కూల్చిన గాలియే రక్షింపబోయినవానిని కూడ కూల్చును. అట్టిచోట దిగక, 112కు ఫోను చేసి, ఇతరులను దిగనీయక నిలుపుటయే నిజమైన సాయము.

నిన్న పరీక్షింపకయే దిగితిమి, ఏమియు కాలేదు గదా యను మాట మిక్కిలి ప్రమాదకరమైనది. నిన్న దక్కిన అదృష్టము నేటికి నియమము కానేరదు. సాహెబ్‌నగర్‌లో లోపించినది ధైర్యము కాదు. దిగుటకు ముందు జరుగవలసిన ఆ కొలది నిమిషముల పరీక్ష. ధైర్యము మనుష్యుని లోనికి దింపగలదు. తిరిగి ఇంటికి చేర్చునది మాత్రము ఆ పరీక్షయే.