‘ఏమీ లేదు’ అన్న రిపోర్టు వృథా కాదు

“స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, మరి అంత ఖర్చు ఎందుకు పెట్టించారు?” అని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

కాలి సిరలో గడ్డకట్టిన రక్తం కదిలి వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడితే ఆయాసం, ఛాతీనొప్పి వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. చిక్కేమిటంటే న్యుమోనియాలోనూ, పాత దమ్ము ముదిరినప్పుడూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

అందుకే వైద్యులు ముందు వివరాలు అడుగుతారు. ఒక కాలు వాచిందా? గత 4 వారాల్లో ఆపరేషన్ అయిందా? కొన్నాళ్లుగా మంచం మీదే ఉన్నారా? దగ్గితే రక్తం పడుతోందా? క్యాన్సర్ ఉందా? అనుమానం తక్కువైతే డి-డైమర్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అది హద్దులో ఉంటే స్కాన్ అక్కరలేదు. ఆ హద్దు సాధారణంగా మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు. 50 ఏళ్లు దాటినవారికి వయసును పదితో హెచ్చవేస్తారు. అంటే 70 ఏళ్ల పెద్దలకు 700.

అయితే ఇన్‌ఫెక్షన్ ఉన్నా డి-డైమర్ పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. అప్పుడూ, అనుమానం మొదటే బలంగా ఉన్నప్పుడూ, సిరలోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తారు.

గడ్డ లేదని తేలితే నెలల తరబడి రక్తాన్ని పలచబరిచే మందులు వాడే పని, వాటితో వచ్చే రక్తస్రావం భయం తప్పుతాయి. అసలు జబ్బుకు వైద్యం సాగుతుంది. ఉందని తేలితే ప్రాణం కాపాడే మందు ఆలస్యం లేకుండా మొదలవుతుంది. ఏది తేలినా మీ రూపాయి పనిచేసినట్టే.