లేచినవాడే లేపగలడు



మన కోనసీమ సంఘాలలో తాగుడు మానిన సహోదరులు కనబడుతూనే ఉంటారు. ఆదివారం ఆరాధనలో నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాము, అందరం స్తోత్రం అంటాము. కాని శనివారం సాయంకాలం కొబ్బరి దింపు కూలి చేతికొచ్చి, పాత స్నేహితులు రమ్మని పిలిచినప్పుడు అతని పక్కన ఎవరుంటున్నారు?

మార్కు సువార్త 5వ అధ్యాయములో సమాధుల మధ్య తిరిగిన మనిషిని గమనించండి. స్వస్థపడగానే ప్రభువుతో దోనె ఎక్కుతానన్నాడు. ప్రభువు ఒప్పుకొనక అతణ్ణి తన ఇంటివారి యొద్దకే పంపించాడు. బాగుపడినవానికి ప్రభువు ఇచ్చిన పని అదే.

ఇద్దరు తాగుబోతుల స్నేహం

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు వ్యాపారి అమెరికాలోని అక్రన్ పట్టణానికి వెళ్లాడు. పని చెడింది. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. హోటలులో ఒక పక్క బారు పిలుస్తోంది. అతడు చర్చిల పట్టికలో ఒక పాదిరిగారి పేరు చూసి ఫోను చేశాడు. తనవంటి మరొక తాగుబోతుతో మాట్లాడాలని కోరాడు. ఆ విధముగా డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. పావుగంట చాలునని వచ్చిన డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. తనకు బుద్ధి చెప్పినవారు అంతకుముందు చాలామందే. తన బాధ ఎరిగి మాట్లాడినవాడు ఇతడే. డాక్టరు తాగుడు మానిన 1935 జూన్ 10వ తేదీనే 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్' పుట్టిన దినముగా లెక్కిస్తారు. 1957లో ఆ సహవాసం మన దేశానికి వచ్చింది. తాగేవారి కుటుంబాల కొరకు 1951లో 'అల్-అనాన్' ఏర్పడింది.

మద్రాసులో శాంతి రంగనాథన్ గారు తాగుడు వలన భర్తను పోగొట్టుకొని, 1980లో చికిత్సా సంస్థను స్థాపించారు. 1992లో పద్మశ్రీ పొందారు. కన్నీరు కార్చిన భార్య కూడ ఇతరులకు నాయకురాలు కాగలదనుటకు ఇది సాక్ష్యం.

మన రాష్ట్రములో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు గాని, మానినవాని పక్కన కూర్చోలేదు. అది మనిషి చేయవలసిన పని.

ఇది జీవనోపాధి కూడ

కేంద్ర ప్రభుత్వ సహాయముతో నడిచే వ్యసన విముక్తి కేంద్రాలలో, మత్తు మాని స్థిరపడినవారిని సహచర బోధకులుగా జీతముపై తీసుకొనే ఏర్పాటు ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం మానసిక వ్యాధినుండి కోలుకున్నవారికి తర్ఫీదు, సర్టిఫికేటు ఇచ్చి పనిలో పెట్టింది. ఒకప్పుడు సిగ్గుపడిన జీవితమే వారికి యోగ్యతాపత్రం.

సంఘం ఏమి చేయాలి?

1. చాలాకాలం బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులలో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడ ఉంది. ప్రార్థన చేయండి, వెంటనే డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్లండి.

2. తాగుడు మాన్పించే మాత్రలు అతనికి తెలియకుండా కూరలో కలపవద్దు. ఆ మాత్ర మీద తాగితే ప్రాణానికే ముప్పు.

3. మానిన నెలకే పెద్దరికం అప్పగించవద్దు. క్రొత్తగా చేరినవానిని అధ్యక్షుని చేయవద్దని పౌలు తిమోతిని హెచ్చరించాడు. ముందు అతనికి ఒక తోడు కావాలి. స్థిరపడిన తరువాత అతడే మరొకరికి తోడుగా వెళ్లాలి. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ తోడుండుట మంచిది.

4. రాజోలునుండి అమలాపురం ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లేవాడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. బస్సు ఛార్జీ, కూలి కానుకల పెట్టెనుండి ఇవ్వండి. సేవ అని చెప్పి బీదవాని కడుపు మాడ్చకూడదు.

5. అతడు విన్నది బయటకు చెప్పకూడదు. ప్రార్థన మనవిగానైనా సరే.

6. మరల పడితే తలుపు మూయవద్దు. ఈ వ్యాధిలో మరల పడుట తరచు జరిగేదే. పడిన మరునాడు మొదట వెళ్లవలసినవాడు ఆ తోడే.

మత్తు విడుపు సలహాకు 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లు ఉచితం. 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబర్లు మందిరము గోడపై వ్రాసి పెట్టండి.

దేవుడు మనలను ఆదరించినది మనము ఇతరులను ఆదరించుటకేనని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక బోధిస్తోంది. మీ సంఘములో లేచి నిలబడిన సహోదరుడు ఎవరు? ఈ వారమే అతని ఇంటికి వెళ్లి, ఇంకా పడియున్న ఒకని పేరు అతనికి చెప్పండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.